సర్దడం రాని షావుకారు

"షావుకారు గారు పోయారే," అంది అమ్మ ఫోన్లో. "మంచాయన, పాపం. సర్దడం ఒక్కటే చేతకాదు," అని కూడా అంది.

పోయినవాళ్ళ గురించి ఎవరైనా చల్లని మనిషనో, దేవుడిలాంటి మనిషనో అంటారు. మా అమ్మ మాత్రం ఆయనలో ఉన్న లోపాన్ని వెతికి మరీ చెప్పింది. ఏలూరులో మా కాలేజీ వరండాలో నిలబడి ఆ మాట విన్నాను. ముందు నవ్వొచ్చింది. ఆ నవ్వు పూర్తి కాకుండానే ఏడుపొచ్చింది. క్లాసుకి ఆలస్యమైంది. పిల్లలు ఏమైంది మేడం అని అడిగితే ఏం చెప్పాలో తెలియలేదు. ఆయన నాకు చుట్టం కాదు, గురువు కాదు. నూజివీడు మెయిన్ రోడ్డులో సూట్‌కేసులు అమ్మే మనిషి.

ఆ షాపు ఏడాదికి రెండు వేషాలు వేసేది. మామిడి పూత రాలి పిందె కట్టిందంటే చాలు, సూట్‌కేసులన్నీ వెనక్కి పోయి అట్టపెట్టెలు, టేపు చుట్టలు, ప్లాస్టిక్ తాళ్ళు, గోనె పట్టాలు, గోనె సూదులు ముందుకొచ్చేవి. ఊళ్ళో సగం మామిడి షెడ్లకి సరంజామా ఆయన దగ్గర్నుంచే. ఆఖరి లోడు వెళ్ళిపోయాక మళ్ళీ సూట్‌కేసులు, స్కూలు బ్యాగులు, గొడుగులు దుమ్ము దులుపుకుని గుమ్మంలోకి వచ్చి కూర్చునేవి. ఆయన మాత్రం ఏ కాలంలోనైనా అదే పొట్టి చేతుల తెల్ల చొక్కా, అదే పంచె, భుజాన అదే తువ్వాలు. వానాకాలమైతే ఆ తువ్వాలు తల మీదకి ఎక్కేది, అంతే తేడా.

షాపు మెట్టెక్కిన మనిషిని ఆయన "ఏం కావాలి?" అని అడగగా నేను వినలేదు. "ఎంత దూరం?" అనేవారు. పెళ్ళికెళ్ళే వాళ్ళు ఏలూరనో, కొత్తగా ఉద్యోగమొచ్చిన వాళ్ళు హైదరాబాదనో చెబితే దాన్ని బట్టి సరుకు దించేవారు. ఒకసారి ఒకావిడ పిల్లని ఎత్తుకుని స్కూలు బ్యాగు కోసమొచ్చింది. ఆవిడనీ అదే అడిగారు. "ఎంత దూరమేంటండీ, ఆ వీధి చివర బడికే," అందావిడ. "అదేనమ్మా అన్నిటికన్నా దూరం. గట్టిది తీసుకో," అన్నారు.

ఇంత దూరాభారాల లెక్కలు చెప్పే మనిషి తిరుపతి దాటి ఎరగడు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళ్ళడమే ఆయనకో ప్రయాణం. ఇల్లు వెనక వీధే. అయినా గొడుగు, నీళ్ళ సీసా, తువ్వాలు, షాపు తాళాల గుత్తి అన్నీ సర్దుకుని, పక్క షాపు వాళ్ళతో "వెళ్ళొస్తానయ్యా, జాగ్రత్త," అని చెప్పి బయల్దేరేవారు. సగం దూరం వెళ్ళాక ఏదో మర్చిపోయి వెనక్కొచ్చేవారు. పక్కనున్న స్వీటు షాపాయన "వీసా దొరకలేదా?" అని ఆటపట్టించేవాడు.

బేరమాడితే ఒక్క పైసా దిగేవారు కాదు. "తగ్గించడం నాకు రాదు, కావాలంటే పెంచుతాను," అని ఒక తాళంకప్పో, తాడుండో, చిన్న గొడుగో దాంట్లో పడేసేవారు. ఆ పెంచడంలోకే వచ్చే మర్యాద ఇంకోటి కూడా ఉంది. సూట్‌కేసు కొన్నవాళ్ళింటికి ఆయనే వచ్చి సామాను సర్దిపెట్టేవారు. అక్కర్లేదంటే వినేవారు కాదు. "పెట్టె అమ్మగానే సరా? మూత పడేదాకా నాదే పూచీ," అనేవారు. ఆ పూచీ అంటే ఊరంతటికీ హడలు. స్వీట్ల మీద చెప్పులు పెట్టారనీ, పట్టుచీరల మధ్యలో నూనె సీసా పడుకోబెట్టారనీ, ఆయన సర్దిన పెట్టె మూత ఊళ్ళో వస్తాదులొచ్చినా పడదనీ కథలుకథలుగా చెప్పుకునేవాళ్ళు. షావుకారు సర్దుడు అంటే మా నూజివీడులో సామెత. ఎవరింట్లోనైనా సామాన్లు చిందరవందరగా ఉంటే, "ఏంటమ్మా, షావుకారు గారొచ్చి వెళ్ళారా?" అనేవాళ్ళు.

అలాంటాయన చేతిలో నేను పడ్డాను. నా బతుకు బాగుపడింది.

మా ఊళ్ళోనే ఉన్న టెక్నాలజీ యూనివర్సిటీలో చదువుతున్న రోజులవి. ఒక్క ఏడాది ఆస్ట్రేలియాలో ఒక యూనివర్సిటీలో చదివి రావడానికి నాకు అవకాశం వచ్చింది. ఫీజు లేదు, ఉండటానికి హాస్టలు వాళ్ళదే. నాన్న తోటల్లో కాయ కోస్తారు. కాయ కోసే వల కట్టిన చిక్కం కర్ర భుజాన వేసుకుని ఊరంతా తిరిగి చెప్పుకొచ్చారు. అమ్మ మామిడి షెడ్డులో కాయ ఏరి పెట్టెలు కడుతుంది. ఆవిడ ఎవరికీ చెప్పలేదు. నాతో కూడా ఏమీ అనలేదు.

వద్దంటే పోట్లాడేదాన్ని. పోట్లాటలో నేను గట్టిదాన్నే. కానీ అమ్మ వద్దనలేదు. పాస్‌పోర్టు వచ్చిన రోజు దాని వంక చూడకుండా చేటలో బియ్యం ఏరుకుంది. స్వెట్టర్ కొనుక్కొస్తే ముట్టుకోలేదు. నా ప్రయాణానికి సంబంధించిన వస్తువు ఏది ఇంట్లోకి వచ్చినా దాని చుట్టూ తిరిగి వెళ్ళేది తప్ప దాన్ని దాటేది కాదు. అన్నం మాత్రం రోజూ రెండు ముద్దలు ఎక్కువ పెట్టేది. నేనూ ఆవిడ కూతుర్నే కదా, మొండితనం ఎక్కడికి పోతుంది. నాన్నతో చెప్పేశాను. "అమ్మ తన నోటితో 'నేను పంపిస్తున్నాను' అంటేనే వెళ్తాను. లేకపోతే సీటు వదిలేస్తాను." నాన్న తల గోక్కున్నారు. "మీ ఇద్దరి మధ్య నేను చిక్కంలో కాయనైపోయాను," అన్నారు. టికెట్టు తేదీ దగ్గరపడుతోంది. అమ్మ నోరు విప్పదు, నేను పట్టు విడవను. ఆ పంతంలోనే, వెళ్తానో లేదో తెలియకుండానే, సూట్‌కేసు కొనడానికి వెళ్ళాను.

"ఎంత దూరం?" అన్నారు షావుకారు గారు.

"ఆస్ట్రేలియా అండీ, అంకుల్."

నేను పక్కనున్న హనుమాన్ జంక్షన్ అన్నట్టే తలూపారు. "అంకుల్ ఏంటమ్మా, టీవీలో పళ్ళపొడి అమ్మేవాడిలాగా. బాబాయ్ అను. అక్కడ ఎండలెట్టా ఉంటాయి?"

"జూలైలో చలి అండీ అక్కడ."

"జూలైలో చలేంటి?" అని నా వంక అనుమానంగా చూశారు. యూనివర్సిటీలో చదువుకునే పిల్ల అబద్ధమాడదులే అన్నట్టు సర్దుకున్నారు. "సరే, ఉండనీ. సామానెవరు సర్దుతున్నారు?"

"నేనే అండీ."

"తప్పు. వెళ్ళే మనిషి సర్దుకోకూడదు. సంబరంగా ఉంటే ఇల్లంతా కుక్కుద్ది. భయంగా ఉంటే అన్నీ వదిలేసిద్ది. ఇంట్లో ఉండిపోయే మనిషే సర్దాలి. మీ అమ్మగారేం చేస్తారు?"

చెప్పాను. అమ్మ పేరు, ఏ షెడ్డో కూడా చెప్పాను. ఆయన చేతిలో ఉన్న దుమ్ము గుడ్డ కింద పెట్టేశారు.

"నాగమణి కూతురివా? ఓర్నీ! ఆవిడ కట్టిన పెట్టె ఢిల్లీలో దించేదాకా కాయ కదలదమ్మా. నా అట్టపెట్టెలకి పేరొచ్చిందంటే ఆవిడ చేతి చలవే. మరింకేంటి, అమ్మని సర్దమను."

"అమ్మ ముట్టుకోదండీ," అన్నాను.

అంతవరకే చెబుదామనుకున్నాను. కానీ ఆగలేకపోయాను. అమ్మ మాట్లాడకపోవడం, నా పంతం, సీటు పోతుందన్న భయం అన్నీ ఆ షాపులో, అట్టపెట్టెల మధ్య నిలబడి, ఏడుస్తూ చెప్పేశాను. ఆయన ఓదార్చలేదు. ఊరుకోమ్మా అనలేదు. అటక మీద నుంచి ఒక నీలం సూట్‌కేసు దించి, నేను ఏడ్చినంతసేపూ దాని జిప్పు తెరుస్తూ, మూస్తూ కూర్చున్నారు. నా ఏడుపు ఆగాక జిప్పు ఆపారు.

"ఆదివారం మధ్యాహ్నం వస్తాను. నేను సర్దుతాను," అన్నారు.

నాకు ఏడుపు పోయి వణుకు పుట్టింది. "వద్దు బాబాయ్ గారూ," అన్నాను. మర్యాదకి వద్దంటున్నాననుకున్నారు కాబోలు, ఒక తాళంకప్ప అదనంగా వేశారు.

ఆదివారం లోడు లేదు. ఆఖరి కాయ నడుస్తున్న రోజులు, షెడ్డులో పని పల్చబడింది. అమ్మ వసారాలో గోడకి ఆనుకుని బియ్యం ఏరుతోంది. షావుకారు గారు టీవీఎస్ మీద సూట్‌కేసుని తాడుతో కట్టుకుని, దాన్ని చంటిపిల్లాడిలా ఒక చేత్తో పట్టుకుని వచ్చారు. అమ్మ లేచి మంచినీళ్ళిచ్చింది. చాప వేసింది. మళ్ళీ వెళ్ళి చేట ముందు కూర్చుంది, ఈసారి మా వైపు వీపు పెట్టి.

నేను తీసుకెళ్ళాల్సినవన్నీ చాప మీద పోశాను. బట్టలు, పుస్తకాలు, స్వెట్టర్లు, ప్రెషర్ కుక్కరు, అక్కడ దొరకవని సీనియర్లు భయపెట్టిన కందిపొడి, కారప్పొడి సీసాలు. ఆయన తువ్వాలు నడుముకి బిగించి రంగంలోకి దిగారు.

ముందు ఖాళీ కుక్కర్ని తీసుకెళ్ళి సూట్‌కేసు నట్టనడుమ కూర్చోబెట్టారు, పెళ్ళికొడుకుని పీటల మీద కూర్చోబెట్టినట్టు. దాని చుట్టూ కారప్పొడి సీసాలు నిలబెట్టారు. వాటి మీద పుస్తకాలు. ఆ పుస్తకాల మీద నా తెల్ల చుడీదారు పరిచి, దాని మీద బూట్లు, అడుగు కిందకి పెట్టి మరీ. స్వెట్టర్లు పట్టవని పక్కన పడేశారు. "జూలైలో చలేంటి," అని మళ్ళీ గొణిగారు.

చేటలో అమ్మ చెయ్యి ఆగింది. నేను చూశాను. ఒకసారి తల తిప్పి చూసి, మళ్ళీ బియ్యంలోకి వెళ్ళిపోయింది. ఈసారి చెయ్యి కదులుతోంది గానీ రాళ్ళు ఏరడం లేదు.

ఆయన మూత వేయబోయారు. అది పడదు కదా. రెండు చేతులతో అదిమారు. పడలేదు. మోకాలెత్తి దాని మీద పెట్టారు. లోపల సీసాలు టకటకమని కొట్టుకున్న చప్పుడు వచ్చింది.

"అయ్యో అయ్యో! ఏంటండీ అది!" అమ్మ చేట వదిలేసి లేచింది. "మెత్తటి కాయ మీద బండరాయి దొర్లించినట్టు! పగిలి చచ్చిపోవూ?"

"ఏం చెయ్యమంటావు నాగమణీ, పట్టట్లేదు," అన్నారాయన దీనంగా. మోకాలు ఇంకా తియ్యలేదు.

"మీరు అవతలికి జరగండి ముందు."

జరిగారు. గోడకి చేరగిలబడి, తువ్వాలు విప్పి మొహం తుడుచుకున్నారు.

అమ్మ మొత్తం కక్కించేసింది. ఖాళీ సూట్‌కేసు అడుగున అరచెయ్యి పెట్టి నాలుగు మూలలా నిమిరింది. అప్పుడు, ఎన్నో రోజుల తర్వాత, నా ప్రయాణం గురించి నన్ను మొదటి మాట అడిగింది.

"ఇది దారిలో నిలబడి వెళ్ళిద్దా, పడుకుని వెళ్ళిద్దా?"

"చక్రాల మీద నిలబడిద్దమ్మా. విమానంలో మాత్రం పడుకోబెడతారేమో."

"అయితే బరువు చక్రాల వైపు."

ఇక ఆ చేతులు ఆగలేదు. పుస్తకాలు చక్రాల వైపుకి చేరాయి. సీసాలు ఒక్కోటీ ఒక్కో మేజోడులోకి దూరాయి. ఆ మేజోళ్ళన్నీ కుక్కరులోకి వెళ్ళాయి. "గుల్లగా ఏదీ పంపకూడదు. ఖాళీ ఉంటే కాయా కాయా కొట్టుకుంటయ్," అంటోంది నాతోనో, తనతోనో. కుక్కరు చుట్టూ స్వెట్టర్లు చుట్టింది. లోపలికి ఎండుగడ్డి వేద్దామంది, మెత్తగా ఉంటుందని. గడ్డిపరక కనపడితే అక్కడ ఎయిర్‌పోర్టులోనే ఆపేస్తారని చెబితే, "గడ్డికి భయపడే ఊరేంటే?" అంది. షెడ్డులో పెట్టె కట్టాక చేసినట్టే సూట్‌కేసుని ఒక పక్క కొంచెం ఎత్తి, చెవి ఆనించి, కుదిపి వింది. లోపల ఏదో కదిలింది. మళ్ళీ తెరిచి, ఆ సందులో నా పాత ఓణీ కుక్కింది.

ఆ ఓణీ కుక్కుతూ ఆగిపోయింది. చెయ్యి లోపలే ఉండిపోయింది.

"ఢిల్లీ లోడు పోయిన ప్రతిసారీ మా షెడ్డుకి ఫోనొచ్చిద్ది షావుకారు గారూ," అంది ఆయన వంక చూడకుండా. "సగం మెత్తబడిందంటారు, మచ్చ పడిందంటారు. ఇన్నేళ్ళలో దూరం నుంచి ఒక్క మంచి కబురు నా చెవిన పడలేదు. కాయకే అట్టా అయితే పిల్లని ఎట్టా పంపమంటారు?"

అమ్మ మనసులో ఉన్నది అదని నాకు అప్పటిదాకా తెలియదు. షావుకారు గారు మాత్రం తాపీగా కాళ్ళు చాపుకున్నారు.

"సరుకు బాగా చేరిందని ఎప్పుడైనా ఎవడైనా ఫోను చేశాడా నాగమణీ?"

"లేదండీ."

"చెయ్యడు. బాగా చేరితే తిని మూతి తుడుచుకుంటాడు. చెడితేనే ఫోను చేస్తాడు. సీజన్లో ఎన్ని లోడ్లు పంపుతారు మీరు? ఎన్ని ఫోన్లు వచ్చినయ్? ఆ రానివన్నీ ఏమైనట్టు?"

అమ్మ ఆ సూట్‌కేసు వంకే చూసింది. చెయ్యి బయటికి తీసింది, ఓణీ అంచు సరిచేసింది, మూత వేసింది. జిప్పు ఒక్క మారుకే చుట్టూ తిరిగొచ్చింది. మళ్ళీ చెవి పెట్టి కుదిపింది. చప్పుడు లేదు.

తర్వాత ఆవిడ అన్న మాట నేను ఊహించలేదు. "తీసుకెళ్ళండి," అంది.

"ఎక్కడికి?" అన్నాను.

"ఎక్కడికేంటి? కట్టిన పెట్టె కట్టిన చోట నిద్ర చెయ్యకూడదు."

అది వాళ్ళ షెడ్డు కట్టుబాటు. మూత పడిన పెట్టెలో కాయ వేడెక్కుతుంది, అందుకని కట్టిన సరుకు ఆ రోజే లారీ ఎక్కాలి. ఉంచితే మగ్గిపోతుంది. ఎవరు చెప్పినా, ఆ షెడ్డులో కట్టిన పెట్టెని ఆపడం ఉండదు. కానీ నా విమానం ఇంకా వారం దాకా లేదు. ఆ మాట చెప్పబోతే షావుకారు గారు నా వంక ఒక చూపు చూశారు. నోరు మూసుకున్నాను. ఆయన నవ్వలేదు, ఎగతాళి చెయ్యలేదు. "నిజమే, ఉంచకూడదు. నా కొట్లో పెడతాలే," అని సూట్‌కేసుని టీవీఎస్‌కి కట్టుకుని వెళ్ళిపోయారు. నా బట్టలన్నీ దాంట్లోనే వెళ్ళిపోయాయి. ఆ వారమంతా మిగిలిన రెండు జతలతో, ఒకటి ఉతికి ఒకటి కట్టుకుంటూ గడిపాను. అయినా అమ్మ నోటి నుంచి నాకు కావాల్సిన మాట రాలేదు. పెట్టె కట్టింది, నిజమే. కట్టడం ఆవిడ పని. పంపేది ఎప్పుడూ వేరేవాళ్ళు.

ఆయనకి నిజంగా సర్దడం రాదా, కావాలనే అలా చేశారా అన్నది మా ఇంట్లో ఇప్పటికీ తేలని తగువు. అమ్మ మాత్రం ఆయన పనితనాన్ని కళ్ళారా చూశానంటుంది. "బూట్లు అడుగు కిందకి పెట్టాడే! తెలిసిన మనిషి ఎవరైనా పెడతాడా?" అంటుంది. మొన్న ఆయన పోయినప్పుడు అమ్మ చూడ్డానికి వెళ్ళింది. వచ్చినవాళ్ళందరూ ఏడుపు మధ్యలోనే ఆయన సర్దుడు గురించి తలా ఒక కథ చెప్పుకున్నారట. అమ్మ అవన్నీ నాకు ఫోన్లో అప్పజెప్పింది. మా హైస్కూలు తెలుగు మాస్టారికి చింతలపూడి బదిలీ అయినప్పుడు, వెళ్దామని ఆయనా, రానని వాళ్ళావిడా నెల్లాళ్ళు మాటలు మానేశారట. షావుకారు గారొచ్చి దేవుడి పటాల మీద గ్యాసు పొయ్యి పెడితే మొగుడూ పెళ్ళాలిద్దరూ ఒకేసారి గావుకేక పెట్టి, కలిసి మళ్ళీ సర్దుకున్నారట. బాపులపాడులో ఒకావిడ, కోడలు బెంగళూరు ఉద్యోగానికి వెళ్తుంటే నాకేం సంబంధం అని మంచం దిగలేదట. ఈయన గోంగూర పచ్చడి సీసాని కోడలి పట్టుచీరలో పడుకోబెట్టగానే మంచం దిగి వచ్చిందట. "అందరి కొంపల్లోనూ ఇదే వరస," అని అమ్మ జాలిపడింది. ప్రతి కథలోనూ ఆఖరికి సర్దింది ఎవరో చూడమ్మా అన్నాను. "ఎవరైతే ఏంటి, ఆయనకి రాలేదు కాబట్టేగా," అంది. ఇక నేనేం వాదించను.

బస్సెక్కేలోపైనా అమ్మ ఆ మాట అనకపోతుందా అనుకుంటూనే బయల్దేరాను. ఆ రోజు పొద్దున్నే సూట్‌కేసు తీసుకుందామని షాపుకి వెళ్ళాం. నాన్న బస్టాండు దగ్గరే ఆటో దిగిపోయారు, సీటు మీద తువ్వాలు వేయడానికి. షాపులో నా నీలం సూట్‌కేసు ఎక్కడా కనపడలేదు. అట్టపెట్టెల పక్కన గోనె పట్టాలో కుట్టేసిన ఒక పెద్ద మూట నిలబడి ఉంది. నాలుగు పక్కలా గోనె సూదితో దగ్గరగా కుట్లు, పైన పట్టుకోవడానికి తాడుతో అల్లిన చెవి. చక్రాలకి మాత్రం కన్నాలు వదిలారు. లారీ పార్శిలు మీద రాసినట్టు నీలం రంగుతో, తెలుగులో, అరచెయ్యంత అక్షరాలు.

"బాబాయ్ గారూ! విమానంలోకి ఇలా రానివ్వరండీ!"

"ఎందుకు రానివ్వరు? అంత దూరం పోయే సరుకుని పట్టా లేకుండా పంపితే నా షాపుకి పరువేం ఉండిద్ది?" అన్నారు.

హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో ఆ పట్టా విప్పించడానికి నేనూ నాన్నా పడ్డ పాట్లు వేరే కథ. అప్పుడు మాత్రం ఆయన్ని తిట్టలేక, ఆ అక్షరాలు చదివే ఓపిక లేక తల పట్టుకుని నిలబడ్డాను. అమ్మ చదువుతోంది. అమ్మ కూడబలుక్కుని చదువుతుంది, ఒక్కో అక్షరం మీద ఆగుతూ.

"చేర... వలసినది. దుర్గ. ఆస్ట్రేలియా." నా పేరు దగ్గర కొంచెం నవ్వింది. కింది వరసకొచ్చింది. "పంపిన... వారు." అక్కడ ఆగింది. మళ్ళీ మొదటి నుంచి చదివింది. "ఇదేంటండీ? నా పేరు రాశారు?"

"సర్దింది నువ్వు. మరి నా పేరు రాసుకుంటానా?" అన్నారాయన, సూదికి మిగిలిన దారం చుట్టుకుంటూ.

అమ్మ తన చేతులతో కట్టిన పెట్టెలు దేశమంతా తిరిగాయి. వాటన్నిటి మీదా కమీషన్ షావుకార్ల పేర్లే ఉండేవి. ఆవిడ రంగు ఆరిందా లేదా అన్నట్టు తన పేరు మీద వేలు పెట్టి చూసింది. ఆరింది. అయినా వేలు అక్కడే ఉంచింది.

నేను ఆయన పక్కకి చేరి, అమ్మకి వినపడకుండా అడిగాను. "నిజం చెప్పండి బాబాయ్ గారూ. మీకు సర్దడం రాదా?"

ఆయన మొహంలో ఒక్క కండరం కదలలేదు. "రాదమ్మా. ఊళ్ళో ఎవర్నైనా అడుగు," అన్నారు. అని, తగ్గించడం రాని చేత్తో నా చేతిలో ఒక చిన్న గొడుగు పెట్టారు.

ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టాను. అప్పుడు పెట్టింది గొడుగు ఇచ్చినందుకని ఆయన అనుకుని ఉండొచ్చు. కాదు. మా ఇంట్లో ఎవరూ కదిలించలేని మనిషిని ఆయన తన తెలివితక్కువతనం చూపించి కదిలించారు. తను నవ్వులపాలై ఇంకొకరిని పెద్ద చెయ్యడం ఎంతమందికి చేతనవుతుంది? ఊరంతా చేతకానివాడంటుంటే నిమ్మకు నీరెత్తినట్టు కూర్చోవడానికి ఎంత ఓపిక కావాలి? ఈ మాట ఆయన బతికుండగా చెప్పాల్సింది. చెబితే ఒప్పుకునేవారు కాదు, "జూలైలో చలేంటి" అని మాట మార్చేసేవారు.

షాపు మూసి ఆయన కూడా బస్టాండుకి వచ్చారు. గొడుగు, నీళ్ళ సీసా, తువ్వాలు అన్నీ తీసుకునే వచ్చారు. ముగ్గురం కలిసి ఆ గోనె మూటని దొర్లించుకుంటూ విజయవాడ బస్సు దగ్గరికి చేరాం. నాన్న కిటికీలోంచి చెయ్యూపుతున్నారు. డిక్కీ దగ్గర కండక్టరు మమ్మల్ని ఆపాడు.

"ఏంటది, మామిడికాయలా? లగేజీ టికెట్టు తీసుకోవాలి."

"మామిడికాయలేంటయ్యా, ఆడపిల్ల సూట్‌కేసు అది," అన్నారు షావుకారు గారు.

"సూట్‌కేసుకి గోనె పట్టా ఏంటండీ? ఎవర్ని మభ్యపెడతారు? పక్కాగా సరుకే ఇది."

"సరుకంటే ఏంటో నాకు చెబుతావా? నేను ఈ ఊళ్ళో..." అని ఆయన గొడుగు ఊపుతూ మొదలుపెట్టారు. కండక్టరు వినే స్థితిలో లేడు. డ్రైవరు హారన్ కొడుతున్నాడు. ఎక్కినవాళ్ళు కిటికీల్లోంచి చూస్తున్నారు. నేను సిగ్గుతో చచ్చిపోతూ, డబ్బులు కట్టేద్దామని బ్యాగులో వెతుకుతున్నాను.

"ఇదంతా కాదు," అన్నాడు కండక్టరు విసుగ్గా. "అసలు ఈ సరుకెవరిది? పంపేదెవరు? వాళ్ళని మాట్లాడమనండి."

అమ్మ నన్నూ, ఆయన్నీ దాటుకుని ముందుకొచ్చింది. మూట మీద చెయ్యి వేసింది.

"నాదేనండీ," అంది. బస్సులో వాళ్ళందరికీ వినపడేలాగా అంది. "మా అమ్మాయి పెద్ద చదువుకి వెళ్తంది. నేనే పంపిస్తున్నా. కొట్టండి టికెట్టు."

షావుకారు గారు గొడుగు దించేసి, నోరు మూసుకుని, పక్కకి తప్పుకున్నారు.